పైపు నాలుగించులు, నీళ్ళు రెండించులు

(జిల్లా ఫోటో, వీడియోగ్రాఫర్ల నెలవారీ సమావేశంలో ఒక హార్డ్‌వేర్ మెకానిక్ చేసిన ప్రసంగం. ఆ రోజు ముహూర్తాలుండి రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? వినిపిస్తోందంటే చెయ్యెత్తండి. సరే.

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు మీ సెక్రటరీ గారు ఒకటే మాట చెప్పారు. "అన్నా, మావాళ్ళందరిదీ ఒకటే ఏడుపు. బాక్సు మీద ఒక స్పీడు రాస్తారు, ఇంటికి తెచ్చి కాపీ పెడితే ఇంకోటి వస్తది. అదేంటో చెప్పు" అన్నారు. ఇరవై ఐదేళ్ళుగా నా షాపులో నేను రోజూ వినేది కూడా అదే కాబట్టి ఒప్పుకున్నాను. లేకపోతే నాకు మైకు అలవాటు లేదు, స్క్రూడ్రైవరే అలవాటు.

మాట్లాడే ముందు ఒక పని చేస్తాను. ఇది నా ల్యాప్‌టాప్. ఇది పోర్టబుల్ హార్డ్ డిస్క్, మీ అందరి బ్యాగుల్లో ఉండే రకమే, రెండున్నర అంగుళాలది. ఇందులో ఒకే ఒక వీడియో ఫైలు ఉంది. 60 జీబీ. దాన్ని ల్యాప్‌టాప్‌లోకి కాపీ పెడుతున్నాను. తమ్ముడూ, నీ చేతికి వాచీ ఉంది కదా, టైము నువ్వు చూడు. ఈ డిస్క్ బాక్సు మీద ఏం రాశాడంటే, "5 జీబీపీఎస్", అంటే సెకనుకు 5 గిగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 625 ఎంబీ. ఆ లెక్కన 60 జీబీ ఎంతసేపట్లో అవ్వాలి? నిమిషం, నిమిషంన్నర. అంతే కదా? పెట్టాను. దాని పని అది చేసుకుంటుంది, మన మాట మనది.

మీలో చాలామందికి ఊళ్ళో పొలం ఉంటుంది. బోరు వేయించాం అనుకోండి. రెండించుల నీళ్ళు పడ్డాయి. పైపు కొనడానికి వెళ్తే షాపువాడు నాలుగించులది అంటగట్టాడు. ఇప్పుడు నాలుగించుల నీళ్ళొస్తాయా? రావు. రెండించులే వస్తాయి. మిగతా పైపులో గాలి ఆడుతుంది. హార్డ్ డిస్క్ బాక్సు మీద వేసే అంకె పైపుది. బోరుది కాదు. కంప్యూటర్ లోపల డిస్క్‌ని కలిపే సాటా వైరు 6 జీబీపీఎస్, యూఎస్‌బీ 5 జీబీపీఎస్, 10 జీబీపీఎస్, ఇవన్నీ పైపు కొలతలు. అబద్ధమా అంటే అబద్ధం కాదు. పైపు నిజంగానే నాలుగించులు. నీళ్ళ సంగతి ఆయన చెప్పలేదు, మనం అడగలేదు.

ముందు ఆ పైపు అంకెని కూడా కాస్త విప్పి చూద్దాం. ఎందుకంటే అందులో కూడా మనం అనుకున్నంత లేదు.

జీబీపీఎస్‌లో ఉండే బీ చిన్న బీ. బిట్. మనం ఫైలు సైజు చూసేది పెద్ద బీ, అంటే బైట్. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. కేబుల్ నెట్ కుర్రాడు వచ్చి "100 ఎంబీ ప్లాన్ అన్నా" అంటాడు. తీరా డౌన్‌లోడ్ పెడితే సెకనుకు 12 ఎంబీ వస్తుంది. అతన్ని తిట్టుకుంటాం. పాపం అతను ఇచ్చింది 100 మెగాబిట్లే, ఎనిమిదో వంతు చేస్తే పన్నెండున్నరే. ఇక్కడా అంతే.

ఇక తరుగు. ధాన్యం అమ్మినవాళ్ళకి తరుగంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. క్వింటాలుకి ఇంత అని కోసేస్తారు. వైరు మీద కూడా తరుగుంది. సాటాలోనూ, యూఎస్‌బీ 3.0 లోనూ ప్రతి 8 బిట్ల సరుకు కోసం వైరు మీద 10 బిట్లు పంపాలి. ఎందుకూ అంటే, వరసపెట్టి సున్నాలే సున్నాలే వస్తుంటే అవతల చివర ఉన్న చిప్పుకి ఎన్ని వచ్చాయో లెక్క తప్పిపోతుంది. లెక్క తప్పకుండా ఒకట్లూ సున్నాలూ తగుమాత్రంగా కలిపి పంపుతారు. అందుకని 6 గిగాబిట్లని ఎనిమిదితో కాదు, పదితో భాగించాలి. సాటా 6 అంటే 600 ఎంబీ, 750 కాదు. యూఎస్‌బీ 5 అంటే 500 ఎంబీ, 625 కాదు. ఇందాక నేను మీతో కట్టించిన లెక్క తప్పు. ఎవరూ అడ్డు చెప్పలేదు, చూశారా?

దాని మీద మళ్ళీ "ఇది పంపు", "అందింది", "ఇంకోటి పంపు" అని డిస్కూ కంప్యూటరూ మాట్లాడుకునే మాటలుంటాయి. అవి కూడా పోవాల్సింది అదే వైరు మీదే. అవన్నీ పోగా యూఎస్‌బీ 3.0 లో 400 పైచిలుకు చేతికొస్తే గొప్ప. పాత యూఎస్‌బీ 2.0 అయితే 480 మెగాబిట్లు, లెక్కకి 60 ఎంబీ. నియమాల ప్రకారం ప్రతి బండినీ కిక్కిరిసేలా నింపి పంపినా 53 దాటదు. మన టేబుల్ మీద వచ్చేది 30 నుంచి 40. ఈ 30, 40 అన్న అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పనుంది.

పైపు అంకె చూపించి అమ్మడం కొత్త సంగతేమీ కాదు. 2001, 2002 ప్రాంతంలో నేను సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి రైలెక్కి వెళ్ళి సామాను తెచ్చేవాణ్ణి. అప్పట్లో హార్డ్ డిస్క్‌కి వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉండేది, పెద్దవాళ్ళకి గుర్తుంటుంది, మాస్టరు, స్లేవు అని జంపర్లు పెట్టి చచ్చేవాళ్ళం. ఆ పైపు సెకనుకు 66 ఎంబీ, తర్వాత 100, తర్వాత 133. "ఏటీఏ 133 సార్, లేటెస్ట్" అని కౌంటర్ల మీద వేసి అమ్మేవాళ్ళు. నేనూ అదే మాట చెప్పి ఇక్కడ అమ్మాను, దాపరికమెందుకు. ఆ డిస్క్‌లోంచి నిజంగా వచ్చే నీళ్ళు ఎంత? 40 ఎంబీ. తర్వాత 2003లో సాటా వచ్చింది, 150. తర్వాత 300. 2009లో 600. పైపు ఇలా పెరుగుతూనే ఉంది. మరి బోరు? ఇవాళ పెద్ద డేటా సెంటర్లలో పెట్టే 20 టీబీ డిస్క్ తీసుకోండి. అది కూడా బాగా ఇచ్చిన చోట సెకనుకు 300 ఎంబీ లోపే ఇస్తుంది. అంటే రెండో తరం సాటా పైపునే ఇంకా నింపలేదన్నమాట.

అయితే బోరు ఎందుకు పెరగట్లేదు? అది చూపించడానికే ఇది తెచ్చాను.

పళ్ళెం, చెయ్యి

ముందు వరసలో వాళ్ళు దగ్గరికి రండి, మిగతావాళ్ళకి తర్వాత పంపిస్తాను. ఇది చచ్చిపోయిన డెస్క్‌టాప్ డిస్క్, మూడున్నర అంగుళాలది. మంచి డిస్క్‌ని మాత్రం ఇలా విప్పకండి, ఒక్క దుమ్ము రేణువు పడితే చాలు. మూత తీస్తే ఇదిగో, పళ్ళెం. అద్దంలా ఉంది కదా? ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఈ పక్కన ఉన్నది చెయ్యి. చెయ్యి కొసన, ఇదిగో, ఆవగింజంత కూడా లేదు, అదే హెడ్డు. రాసేదీ చదివేదీ అదే. పాత గ్రామఫోన్ రికార్డులాగే ఉంటుంది, కానీ ముల్లు తగలదు. పళ్ళెం మీద గాలి పొరలో తేలుతుంది. ఆ ఎత్తు కొన్ని నానోమీటర్లు. మన వెంట్రుక మందంలో వేల వంతుల్లో ఒక వంతు కూడా లేదు.

ఇది నిమిషానికి 7200 చుట్లు తిరిగే రకం. సెకనుకి 120 చుట్లు. ఈ పళ్ళెం అంచు అప్పుడు గంటకు 130 కిలోమీటర్ల దగ్గర్లో పరిగెడుతుంది. హైవే మీద ఆ స్పీడులో పోతే మనకి చలాను పడుతుంది. మీ పోర్టబుల్ డిస్క్‌లు చాలావరకు 5400వి, ఇంకా నెమ్మది.

ఇప్పుడు బోరు సంగతి. ఈ పళ్ళెం మీద గుండ్రంగా ట్రాకులు ఉంటాయి, లక్షల్లో. హెడ్డు ఒక ట్రాకు మీద కూర్చుని, కింద నుంచి పళ్ళెం తిరుగుతూ పోతుంటే వచ్చినవి వచ్చినట్టు చదువుకుంటుంది. ఒక చుట్టులో ఎన్ని బిట్లు హెడ్డు కిందకి వస్తే అన్నే. అంతకంటే ఒక్క బిట్టు ఎక్కువ చదవలేదు. వైరు బంగారంతో చేసినా చదవలేదు.

ఆఁ, తమ్ముడు అడుగుతున్నాడు, "మరి ఇంకా స్పీడుగా తిప్పొచ్చు కదా" అని. మంచి ప్రశ్న. తిప్పారు. 2000లో సీగేట్ వాళ్ళు చీటా ఎక్స్15 అని నిమిషానికి 15 వేల చుట్లు తిరిగే డిస్క్ తెచ్చారు, సర్వర్ల కోసం. పాతికేళ్ళయింది, అంతకు మించి తిప్పే డిస్క్ ఇంతవరకు మార్కెట్లోకి రాలేదు. వేడి, మోత, కరెంటు, అదురు, అన్నీ పెరుగుతాయి. ఆ స్పీడుకి పళ్ళెం చిన్నది చెయ్యాలి, చిన్నది చేస్తే సరుకు తక్కువ పడుతుంది. ఇప్పుడు ఆ పనికి ఎస్‌ఎస్‌డీలు, అంటే తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల్లో దాచే డిస్క్‌లు, వచ్చాయి కాబట్టి ఆ 15 వేల రకం కూడా మూలన పడింది.

ఇంకో సంగతి. ఈ పళ్ళెంలో బయటి ట్రాకు చూడండి ఎంత పొడవుందో, లోపలిది చూడండి. పొడవాటి ట్రాకులో ఎక్కువ బిట్లు పడతాయి. తిరిగేది మాత్రం రెండూ ఒకే స్పీడు. కాబట్టి బయటి అంచు మీద 190 ఇచ్చే డిస్క్ లోపలికి వచ్చేసరికి 90, 100కి పడిపోతుంది. డిస్క్ నింపడం బయట నుంచే మొదలవుతుంది. "అన్నా, కొన్నప్పుడు గుర్రంలా ఉండేది, నిండేకొద్దీ స్లో అయింది, వైరస్ ఏమన్నా పట్టిందా" అని నా షాపుకి వారానికి ఒకళ్ళైనా వస్తారు. వైరస్ కాదు. లోపలి ట్రాకుల్లోకి వచ్చారు, అంతే.

ఏంటి తమ్ముడూ? అయిపోయిందా? ఎంత? తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు. చూడండి, 60 జీబీ వీడియో, 560 సెకన్లు. సెకనుకు 107 ఎంబీ. ఇదీ మన బోరు. 5 జీబీపీఎస్ పైపులో 107. ఇది చెడిపోయిన డిస్క్ కాదండోయ్. ఆరోగ్యంగా ఉన్న 5400 డిస్క్ ఇచ్చేది ఇంతే.

ఇప్పుడు ఇదే డిస్క్‌లోంచి ఇంకో ఫోల్డర్ పెడుతున్నాను. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు తయారుచేసుకునే చిన్న చిన్న ప్రివ్యూ ఫైళ్ళు, 90 వేల ఫైళ్ళు. మొత్తం కలిపితే 3 జీబీ. ఇందాకటిది 60, ఇది 3. ఇరవయ్యో వంతు. ఎంతసేపు పడుతుంది? అర నిమిషమా? ఎవరో రెండు నిమిషాలంటున్నారు. సరే, తమ్ముడూ, మళ్ళీ చూడు టైము.

పంక్తిలో సాంబారు

పెళ్ళి భోజనాలు మీకంటే ఎక్కువ ఎవరు చూస్తారు? ఇప్పుడంటే బఫేలు గానీ, పంక్తి భోజనం గుర్తు చేసుకోండి. సాంబారు బకెట్టు పట్టుకుని కుర్రాడు వడ్డిస్తూ వస్తున్నాడు. మీరు పక్కవాళ్ళతో మాట్లాడుతున్నారు, బకెట్టు మీ విస్తరి దాటి పోయింది. ఇప్పుడేం చెయ్యాలి? "బాబూ" అని పిలిచినా వెనక్కి రాడు. పంక్తంతా తిరిగి మళ్ళీ మీ దగ్గరికి వచ్చేదాకా కూర్చోవాలి. హార్డ్ డిస్క్ లోపల జరిగేది అచ్చంగా ఇదే. చెయ్యి ట్రాకు మీదకి వెళ్ళింది, కావాల్సిన ముక్క అప్పుడే దాటిపోయింది. చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగాలి. 7200 డిస్క్‌లో ఒక చుట్టు 8.3 మిల్లీసెకన్లు. ఒకసారి అదృష్టం బాగుండి వెంటనే వస్తుంది, ఒకసారి చుట్టంతా ఆగాలి, సగటున 4.2. ఇది కాక ముందు చెయ్యి ఆ ట్రాకు దాకా జరగాలి కదా. దానికి సగటున 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం పన్నెండున్నర, పదమూడు. పోర్టబుల్ డిస్క్‌లో అయితే పదిహేడు దాటుతుంది.

"మిల్లీసెకన్లే కదా అన్నా" అంటారు. లెక్క కడదాం. ఒక్కో గెంతుకి పన్నెండున్నర మిల్లీసెకన్లైతే సెకనుకి 80 గెంతులు. గెంతిన ప్రతిసారీ 4 కేబీ చదివితే 80 నాలుగులు 320. సెకనుకి 320 కేబీ! ఎంబీ కాదు, కేబీ. 150 ఎంబీ ఇవ్వగల డిస్క్. పైపు 600. చేతికొచ్చేది 320 కేబీ. టైమంతా దేనికి పోతోంది? చదవడానికి కాదు, వెళ్ళడానికీ ఆగడానికీ. కూలికి వచ్చినవాడు పదిహేను కిలోమీటర్లు నడిచొచ్చి ఒక్క ఇటుక మోసి మళ్ళీ నడిచెళ్ళినట్టు.

ఇప్పుడు మీ అసలు బాధ దగ్గరికి వస్తాను. మీ 4కే కెమెరా 100 మెగాబిట్లలో రికార్డు చేస్తుంది అనుకోండి. ఎనిమిదితో భాగిస్తే సెకనుకి పన్నెండున్నర ఎంబీ, గంటకి 45 జీబీ. పెళ్ళికి మూడు కెమెరాలు పెట్టారు. ఎడిటింగ్‌లో మూడూ పక్కపక్కన పెట్టి ఆడిస్తారు. మూడు పన్నెండున్నరలు ముప్పై ఏడున్నర. డిస్క్ 150 ఇస్తుంది. నాలుగో వంతే అడుగుతున్నాం మనం. మరి తలంబ్రాల దగ్గర వీడియో ఎందుకు ఆగి ఆగి వస్తుంది? గ్రాఫిక్స్ కార్డు మార్చినవాళ్ళు నాకు తెలుసు. ర్యామ్ వేయించుకున్నవాళ్ళు తెలుసు. ఆ ర్యామ్ నేనే వేశాను, అది వేరే కథ.

కెమెరా ఒకటిది ఒక చోట ఉంది, రెండోది ఇంకో చోట, మూడోది ఇంకో చోట. చెయ్యి ఒకటే. ఒకటో దాంట్లో ముక్క చదివి, రెండో దానికి గెంతి, అక్కడో ముక్క, మూడో దానికి గెంతి... గెంతిన ప్రతిసారీ 1 ఎంబీ తీసుకుంటే చదవడానికి ఏడు మిల్లీసెకన్లు, గెంతడానికి పన్నెండున్నర. అప్పుడు వచ్చేది సెకనుకి 50 ఎంబీ. అంచున గట్టెక్కుతాం. అదే 128 కేబీ చొప్పున తీసుకుంటే? సెకనుకి 10 ఎంబీ కూడా రాదు. మనకి కావాల్సింది ముప్పై ఏడున్నర. అయిపోయింది, తలంబ్రాలు గాల్లోనే ఆగిపోతాయి. సాఫ్ట్‌వేర్ ఎంత పెద్ద ముక్క అడుగుతుందన్న దాని మీద ఉంటుంది మన గతి. అందుకే రెండు కెమెరాలవి ఒక డిస్క్‌లో, మూడోది ఇంకో డిస్క్‌లో పెట్టుకుంటే అదే కంప్యూటర్ ప్రాణం పోసుకున్నట్టు అవుతుంది. చేతులు రెండయ్యాయి కాబట్టి.

డీ (D) డ్రైవ్ నుంచి ఈ (E) డ్రైవ్‌కి కాపీ పెట్టినప్పుడు కూడా ఇదే రోగం. పేరుకి రెండు డ్రైవులు, పళ్ళెం ఒకటే, చెయ్యి ఒకటే. ఇక్కడ చదువు, అక్కడికి పరిగెత్తు, రాయి, వెనక్కి రా. దాన్ని బ్యాకప్ అని కూడా అంటారు కొందరు! డీ నుంచి ఈకి బ్యాకప్! ఆ డిస్క్ పోయిన రోజు రెండూ కలిసి పోతాయండీ. నా దగ్గరికి ఏడుస్తూ వస్తారు. ఈ మాటకీ స్పీడుకీ సంబంధం లేదు, అయినా చెప్పకుండా ఉండలేను.

ఈ చెయ్యి ఎంత మొండిదో చెప్పడానికి ఒక్క పాత సంగతి. మొట్టమొదటి హార్డ్ డిస్క్ ఐబీఎం 350, 1956లో ర్యామాక్ అనే కంప్యూటర్‌తో వచ్చింది. రెండడుగుల వెడల్పున్న పళ్ళేలు యాభై, బరువు టన్ను దాటి, అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. కావాల్సిన చోటికి చెయ్యి వెళ్ళడానికి సగటున 600 మిల్లీసెకన్లు. ఇప్పుడు 8, 9. అంటే 70 రెట్లు మెరుగు. సరుకు పట్టడంలో? 50 లక్షల నుంచి 20 టీబీకి, నలభై లక్షల రెట్లు. ఒకటి డెబ్బై, ఇంకోటి నలభై లక్షలు. గోదాము జిల్లా అంత పెరిగింది, తలుపు దగ్గర హమాలీ మాత్రం ఒక్కడే.

గెంతకుండా వరసగా చదివే స్పీడు కూడా సరుకుతో సమానంగా పెరగదు. ఎందుకో పోచంపల్లి వైపువాళ్ళకి చెప్తే వెంటనే తెలుస్తుంది. బట్టలో పడుగు పోగులు రెట్టింపు చేసి, పేక పోగులు కూడా రెట్టింపు చేస్తే గళ్ళు నాలుగు రెట్లవుతాయి. కానీ ఒక్క వరసలో ఉండే గళ్ళు రెండు రెట్లే. డిస్క్ కూడా అలాగే నేస్తారు. ట్రాకులు దగ్గర దగ్గరగా, ట్రాకులో బిట్లు దగ్గర దగ్గరగా. సరుకు నాలుగు రెట్లు, హెడ్డు కిందకి వచ్చేది రెండు రెట్లు. నా పాత 40 జీబీ డిస్క్‌ని మొదటి నుంచి చివరి దాకా చదవడానికి పదిహేడు నిమిషాలు పట్టేది. 20 టీబీ డిస్క్‌ని సగటున 200 చొప్పున చదివితే లక్ష సెకన్లు. ఇరవై ఎనిమిది గంటలు. పెద్ద డిస్క్ కొంటున్నాం అని సంబరపడేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. సీగేట్ వాళ్ళు ఈ మధ్య ఒకే డిస్క్‌లో విడివిడిగా కదిలే రెండు చేతులు పెట్టి 500 దాటించారు, కానీ అది డేటా సెంటర్ల సరుకు, మన దాకా రాలేదు.

తమ్ముడూ, ఎంతైంది? ఏడు నిమిషాలా? ఇంకా సగం కూడా కాలేదు. కానివ్వు.

ఇంతసేపూ బోరునే తిట్టాను. కొన్నిసార్లు నిజంగానే పైపు దగ్గర తప్పుంటుంది, అదీ చెప్పాలి. మొన్న సీజన్‌లో ఒక స్టూడియో ఆయన వచ్చాడు. 1 టీబీ కాపీ చెయ్యడానికి రాత్రి పెడితే తెల్లారింది, డిస్క్ పోయేలా ఉంది చూడమన్నాడు. పెట్టి చూశాను, 35 ఎంబీ. 35 అనగానే నాకు అనుమానం వచ్చింది. ఇందాక ఏం చెప్పాను? 30 నుంచి 40 అంటే? యూఎస్‌బీ 2.0! కేబుల్ ఏదన్నా అంటే జేబులోంచి తీశాడు. ఫోను ఛార్జింగు కేబుల్. ఈ పోర్టబుల్ డిస్క్ పిన్ను చూడండి, వెడల్పుగా ఉండి మధ్యలో నొక్కు ఉంటుంది. రెండు భాగాలు. పెద్ద భాగంలో పాత మైక్రో యూఎస్‌బీ చక్కగా దూరిపోతుంది, డిస్క్ తిరుగుతుంది, ఫైళ్ళు కనిపిస్తాయి, అంతా బాగానే ఉంటుంది. కానీ పక్కన చిన్న భాగం ఖాళీ. స్పీడు పిన్నులన్నీ ఉండేది అందులోనే. అసలు కేబుల్ పారేసుకుని ఆయన నెలరోజులుగా దీంతోనే బండి లాగిస్తున్నాడు. 35 చొప్పున 1 టీబీ అంటే ఎనిమిది గంటలు. సరైన కేబుల్ పెట్టాను, 120 వచ్చింది. రెండు గంటల ఇరవై నిమిషాలు. నూట యాభై రూపాయల కేబుల్.

టైప్ సీ వచ్చింది కదా, ఇక ఆ గొడవ లేదు అనుకోకండి. ఫోనుతో వచ్చే సీ కేబుల్స్‌లో చాలావాటిలో లోపల 2.0 వైర్లే ఉంటాయి. రెండు చివర్లా ముద్దుగా ఒకేలా ఉంటుంది, లోపల ఏముందో బయటికి తెలీదు. డిస్క్‌తో వచ్చిన కేబుల్‌ని డిస్క్‌కే రబ్బరు బ్యాండు వేసి కట్టండి. నేను అంతే చేస్తాను.

మెమరీ కార్డుల్లో కూడా పైపు కథే. కార్డు మీద 170, 200 అని ఉంటుంది. కార్డుల్లో మామూలుగా ఉండే యూహెచ్‌ఎస్-1 అనే పైపు 104 దగ్గర ఆగిపోతుంది, పైదంతా రావాలంటే ఆ కంపెనీ సొంత రీడరు కావాలి. నాకైతే కార్డు మీద నచ్చేది ఆ పెద్ద అంకె కాదు, పక్కన చిన్నగా ఉండే వీ30 అన్న గుర్తు. దానర్థం ఏంటంటే, రాసేటప్పుడు సెకనుకి 30 ఎంబీకి తగ్గను అని. తగ్గను! మిగతా అంకెలన్నిటి ముందూ "అప్ టు" ఉంటుంది. అప్ టు 200 అంటే 2 వచ్చినా మాట తప్పనట్టే. వీడియో తీసేవాడికి కావాల్సింది ఎంత దాకా ఎక్కుతుందన్నది కాదు, ఎక్కడికి దిగుతుందన్నది.

దిగడం అంటే గుర్తొచ్చింది, నా సొంత అనుభవం. కంపెనీ పేరు చెప్పను. పాత పెళ్ళిళ్ళన్నీ డిలీట్ చేసి, అదే పోర్టబుల్ డిస్క్ మీద కొత్తగా 800 జీబీ ఎక్కించాలి. సాయంత్రం పెట్టాను. 120తో మొదలైంది. భలే అనుకున్నాను. అన్నం తిని వచ్చేసరికి 18. పొద్దున చూస్తే 15, మధ్యలో కాసేపు సున్నా. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, కంప్యూటర్ మార్చాను. కస్టమరు కూర్చుని ఉన్నాడు, నాకు టెన్షన్. అన్నీ చేశాక తట్టింది, అది ఎస్‌ఎంఆర్ డిస్క్. పెంకుటిల్లు తెలుసు కదా? ఒక పెంకు మీద ఇంకో పెంకు కొంచెం కప్పుతూ వేస్తారు. ఈ డిస్క్‌లో ట్రాకులు అలా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి రాస్తారు, సరుకు ఎక్కువ పడుతుందని. కొత్తగా కప్పేటప్పుడు ఇబ్బంది లేదు. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే? పైన ఉన్న పెంకులన్నీ తీసి మళ్ళీ కప్పాలి. అదీ జరిగేది. ముందు కొంత సరుకు వేరే చోట హడావుడిగా దించుకుని మనకి 120 చూపిస్తుంది. ఆ చోటు నిండాక అసలు పని మొదలవుతుంది. బాక్సు మీద ఆ ముక్క రాయకుండానే అమ్మారని 2020లో పెద్ద గొడవే అయింది. ఒక్కసారి రాసి బీరువాలో పెట్టుకునేదానికి ఆ డిస్క్ బాగానే ఉంటుంది. రోజూ చెరిపి రాసే పనికి వద్దు.

ఎస్‌ఎస్‌డీ సంగతి అడుగుతారని తెలుసు. చేతులూ పళ్ళేలూ లేవు కాబట్టి గెంతడం బాధ దాదాపు పోతుంది. మీ డబ్బుకి అసలు దక్కేది అదే, బాక్సు మీది అంకె కాదు. సాటా ఎస్‌ఎస్‌డీ 550 దాకా ఇస్తుంది, అంటే ఇక్కడ మొదటిసారి బోరు పైపుని నింపేసింది. అందుకే ఎన్‌వీఎమ్‌ఈ అని కొత్త పైపు వేశారు, 3500 దాకా పోయేవి సాధారణం. కానీ ఇక్కడ కూడా చవక రకాల్లో ముందు ఒక చిన్న తొట్టి పెడతారు. తొట్టి నిండేదాకా జలపాతం. నిండాక కొన్ని చవక డిస్క్‌లు మన పాత హార్డ్ డిస్క్ స్పీడుకి దిగుతాయి. అందుకే కొత్తది కొంటే 1 జీబీ ఫైలుతో పరీక్ష చేసి మురిసిపోకండి. 200 జీబీ ఒక్కసారిగా ఎక్కించి చివరి పది నిమిషాలు చూడండి. ఇంకోటి, హార్డ్ డిస్క్‌లోంచి ఎన్‌వీఎమ్‌ఈలోకి కాపీ పెట్టి "3500 రాలేదు" అని ఫోన్ చెయ్యకండి. బోరు అటు పక్కన ఉంది.

అన్నట్టు, ఈ చిన్న ఫైళ్ళకి ఒక చిట్కా. ఇలాంటి ఫోల్డర్‌ని పంపాల్సి వస్తే, ఎస్‌ఎస్‌డీ మీద ఉన్నప్పుడే జిప్ చేసి ఒకే ఫైలుగా మార్చండి. కంప్రెస్ చెయ్యక్కర్లేదు, మూట కడితే చాలు. అప్పుడు ఇందాకటి వీడియోలాగా ఒక్క ఊపులో పోతుంది. ఇప్పుడు ఇక్కడ పెట్టింది అయితే నేను కావాలనే మూట కట్టలేదు.

ఏం తమ్ముడూ, ఎంతైంది? పద్దెనిమిది నిమిషాలు. 60 జీబీకి తొమ్మిదిన్నర లోపు, ఇది 3 జీబీ, పద్దెనిమిది దాటినా ఇంకా అవ్వలేదు. స్పీడు ఎంత చూపిస్తోంది? 2 ఎంబీ. ఇంకా ఎంతసేపంటోంది? నాలుగు నిమిషాలా? ఇందాక నేను తొంగి చూసినప్పుడు కూడా నాలుగు నిమిషాలే అంది. సరే, అది అయ్యేలోపు టీ తాగొద్దాం పదండి. ప్రశ్నలు అక్కడే అడగండి. ఈ పళ్ళెం చేతులు మారుతూ ఎక్కడికి పోయిందో చూసి తెచ్చివ్వండి. కేబుల్ మాత్రం ఎవరూ కదపకండి.